దండ వెనక టాకీసు

పాత సినిమా థియేటర్ల ముందు నిలబడి ఫోటోలు దిగిన మా వైపు జనమందరి మీదా నాకు కోపం. వెనకాల అంత పెద్ద భవనం ఉంది కదా, కాస్త పక్కకు జరిగితే వాళ్ల సొమ్మేం పోయింది? జరగరు. పేరు రాసిన బోర్డుకు సరిగ్గా అడ్డంగా తలకాయ పెడతారు. టికెట్ల కిటికీకి అడ్డంగా పొట్ట పెడతారు. మిగిలిన సందుల్లో పిల్లల్ని నింపుతారు. జగిత్యాలలో ఒకరింట్లో దొరికిన ఫోటోలో థియేటర్ మొత్తానికి నాకు కనిపించింది ఒక పెద్దమనిషి కుడి చెవి పక్కన కొన్ని ఇటుకలు. ఆ ఇటుకల్ని భూతద్దం పెట్టి చూస్తూ ఆదివారమంతా కూర్చున్నానంటే నా గతి ఏమిటో అర్థం చేసుకోండి.

నేను జగిత్యాలలో సోషల్ టీచర్ని. ఈ పిచ్చి నాకు పాఠాల వల్ల రాలేదు, వాట్సాప్ వల్ల వచ్చింది. మా పదో తరగతి బ్యాచ్ గ్రూపులో ఒకరోజు కోరుట్ల పాత టాకీసు ముచ్చట వచ్చింది. ఆ టాకీసు ఇప్పుడు లేదు, కూలగొట్టి బట్టల షోరూం కట్టారు. ఆడవాళ్ల టికెట్ల కిటికీ ఎడమ పక్కన ఉండేదని నేను రాశాను. కుడి పక్కన అని ఒకాయన రాశాడు. ఎండాకాలం సెలవులన్నీ కోరుట్లలో మా చిన్నమ్మ ఇంట్లో గడిపినదాన్ని, ఆ కిటికీ దగ్గర తోపులాటలో చెప్పు పోగొట్టుకుని ఒంటి చెప్పుతో సినిమా చూసినదాన్ని. నాకు చెబుతాడా? అంతటితో ఆగినా బాగుండేది. "నువ్వు ఆడపిల్లవు, సిన్మాలు ఎన్ని చూసి ఉంటవ్ గని, లైట్ తీస్కో" అని రాసి పక్కన నవ్వే బొమ్మలు వరసగా పెట్టాడు. తింటున్న అన్నం పక్కకు నెట్టి, "ఫోటో తెచ్చి నీ మొకం మీద వెడ్త" అని రాశాను.

మొదట వెళ్లింది చిన్నమ్మ దగ్గరికే. ఆ టాకీసు వెనక గల్లీలోనే ఆమె ఇల్లు. చిన్నాయన పోయి చాలా ఏళ్లయింది. కూతురు, అల్లుడు, మనుమరాలు అంతా ఆమె దగ్గరే ఉంటారు, ఇంటి పెత్తనం మాత్రం ఇప్పటికీ చిన్నమ్మదే.

"టాకీసు ఫోటోనా? ఇగో, ఎదురుంగనే ఉన్నది సూడు" అని ఆమె గోడ వైపు చేయి చూపించింది.

గోడ మీద ఉన్నది చిన్నాయన. అద్దానికి లోపలి వైపు నల్ల రంగు, దాని మధ్య కోడిగుడ్డు ఆకారంలో వదిలిన కంత, ఆ కంతలో ఛాతీ వరకు ఆయన. నవ్వు ఆపుకుంటున్నట్టు ఒక పక్కకు బిగించిన మూతి. అద్దం మీద కుంకుమ బొట్టు, చుట్టూ గంధపు చెక్కల దండ, పైన ఆరుతూ వెలుగుతూ ఒక చిన్న బల్బు. కాలేజీ రోజుల నుంచి నేను దండం పెడుతున్న ఫోటోనే. అందులో టాకీసు నాకెప్పుడూ కనపడలేదు.

"మీ చిన్నాయిన ఎన్కాల గోడ లెక్క కనవడ్తలేదా? గదే టాకీసు. గా ఫోటోల నేను సుత ఉంటి. నన్ను కోసేసిండ్రు."

ఎవరు కోశారు, ఎందుకు కోశారు అని అడిగాను. అడగడమే ఆలస్యం, ఎప్పటి నుంచో కడుపులో పెట్టుకున్నదంతా బయటపడింది. వాళ్ల పెళ్లికి ఫోటోలు తీయించారు. పెళ్లి అయిపోగానే, ఫోటోలు ఎలా వచ్చాయో చూద్దామని చిన్నాయన వాళ్ల అన్న కెమెరా వెనక మూత తీసి రీలు ఎండలోకి లాగాడు. తలంబ్రాల నుంచి అప్పగింతల దాకా ఒక్కటి మిగలకుండా పోయింది. ఆ తప్పు దిద్దుకుందామని ఆయనే కొత్త జంటను టాకీసు దగ్గరికి తీసుకుపోయి, అక్కడ కెమెరా పట్టుకుని తిరిగే మనిషితో ఒక ఫోటో తీయించాడు. ఇద్దరూ కలిసి దిగింది అదొక్కటే. మళ్లీ దిగుదాం, మళ్లీ దిగుదాం అనుకుంటుండగానే చిన్నాయనకు గుండెపోటు వచ్చింది. దినాలు సిరిసిల్లలో వాళ్ల పాత ఇంట్లో చేశారు. గోడకు పెట్టడానికి మంచి ఫోటో కావాల్సి వచ్చి, ఆ అన్నే ఆ ఫోటో పట్టుకుపోయి ఫ్రేము కట్టించి తెచ్చాడు. తెచ్చిన ఫ్రేములో చిన్నమ్మ లేదు.

"గాయినే కెమెరా తెరిసిండు, గాయినే నన్ను కోయిచ్చిండు" అంది చిన్నమ్మ. "బతికున్నోళ్లు సచ్చిపోయినోళ్ల పక్కపొంటి ఉండొద్దన్నడు. దినాల కాడ మందిల ఏం లొల్లి పెట్టుకుంట? ఊకున్న. ఇప్పుడు గాయిన సుత పోయిండు గని, ఉంటే ఇయ్యాల అడుగుదును."

నాకు నవ్వొచ్చింది. ఆమె నవ్వలేదు.

"మొన్న మనుమరాలు అడుగుతది, అమ్మమ్మా, నువ్వు తాత నిజంగ పెండ్లి చేసుకున్నరా, ఫోటో ఏదీ అని. ఏం చెప్పాలె? మా బావ ఎండకు పెట్టిండని చెప్పాల్నా?" కొంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వెట్లయినా ఊర్లు తిరుగుతా అంటున్నవ్. గా కోసిన ముక్క ఏడన్న దొరికితే తేవే బిడ్డా. నాకు ఇంకేం అద్దు."

తెస్తానన్నాను. కిటికీని వెతకడానికి బయలుదేరినదాన్ని, చిన్నమ్మను వెతికే పని నెత్తిన వేసుకున్నాను.

ఆడవాళ్లకు బస్సులో టికెట్ లేదు కాబట్టి నా తిరుగుడుకు అడ్డు చెప్పేవాళ్లు లేరు. సెలవు దొరికితే చాలు, ఎవరో ఒకరి వాకిట్లో నిలబడి పాత ఫోటోలున్నాయా అని అడిగేదాన్ని. "పింఛన్ల కొరకా?" అని ఒకరు, "కొత్త కార్డులిస్తున్నరా?" అని ఒకరు ఆధార్ జిరాక్సులు తెచ్చి చేతిలో పెట్టేవారు. బోయినపల్లిలో ఒకావిడ నన్ను పెళ్లిళ్ల పేరమ్మ అనుకుని, కొడుకు ఫోటో చేతికిచ్చి, "పోరడు జర నల్లగున్నడు గని మంచోడు" అంది. టాకీసు ఫోటోలమ్మా అంటే, వేములవాడ గుడి ముందు దిగినవి చూపించింది. వాటిలోనూ గుడి కనపడలేదు, చుట్టాలే కనపడ్డారు.

తిరగ్గా తిరగ్గా ఒక సంగతి తెలిసొచ్చింది. ఆ కాలంలో మావాళ్లు మంచి బట్టలు కట్టుకుని, తల దువ్వుకుని, ముఖం తేటగా ఉన్నప్పుడు ఫోటో దిగారంటే అది పెళ్లిలోనన్నా అయ్యుండాలి, సినిమాకు పోయినప్పుడన్నా అయ్యుండాలి. పెళ్లి ఫోటోలో పక్కన పదిమంది ఉంటారు. కాబట్టి మనిషి పోయాక గోడకెక్కేది సినిమా ఫోటోనే. స్టూడియోలో ఆ మనిషిని తీసుకుంటారు, టాకీసును తీసేస్తారు. ఇప్పుడైతే కంప్యూటర్లో కోటు, టై కూడా తొడుగుతారు. జీవితమంతా ధోవతి, భుజాన తువ్వాలతో కల్లు గీసిన మనిషి, పోయాక మంచుకొండల ముందు సూటు వేసుకుని నిలబడతాడు. మా వైపు ఊళ్ల టాకీసుల చరిత్రంతా దండల వెనక పోయిందని అర్థమైన రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది.

మేడిపల్లిలో మాత్రం అదృష్టం పండింది అనుకున్నాను. ఒక ముసలాయన తన పడుచుతనపు ఫోటో తీసి చూపించాడు. జగిత్యాల టాకీసు మెట్ల దగ్గర ఒక్కడే, బుద్ధిగా ఓ పక్కకు నిలబడ్డాడు. వెనకాల స్తంభం, మెట్లు, బోర్డులో సగం. ఆ పక్కకు జరిగినందుకే ఆయన కాళ్లకు మొక్కాలనిపించింది. ఫోటో అడిగి తీసుకుని, కోరుట్లలో నాకు తెలిసిన స్టూడియోలో ఇచ్చి, "తమ్మీ, పెద్దగ, మంచిగ చెయ్యి" అన్నాను. నేను చేసిన పొరపాటు అదే, ఏది మంచిగా చేయాలో చెప్పలేదు.

మర్నాడు పోయేసరికి టాకీసు లేదు. జలపాతం ఉంది. ముసలాయన కోటు, టైలో ఉన్నాడు. మెడలో ఇంత లావు గులాబీల దండ. పైన శ్రద్ధాంజలి. కింద జననం, మరణం అని రాసి రెండింటి పక్కనా ఖాళీ వదిలాడు.

"ఎన్కాల చెత్తంత తీసేసిన మేడం. తేదీలు చెప్పుండ్రి, ఏస్త" అన్నాడు స్టూడియో తమ్ముడు, పని బాగా చేసిన సంతోషంతో.

"గా చెత్త కోసమే గదరా నేను ఊరూరు తిరిగేది! ఆయన బతికే ఉన్నడు!"

"బతికున్నడా?" అతనికి నిజంగానే అర్థం కాలేదు. "మరి గంత పెద్దగ ఎందుకు చేపిస్తుండ్రు మేడం?"

అసలు ఫోటో ఫోన్‌లో తీసుకుని, దాన్ని తిరిగి ఇవ్వడానికి మేడిపల్లి పోయాను. శ్రద్ధాంజలిని సంచీ అడుగున దాచాను. ముసలాయన కళ్లు చురుకు. "గదేంది, సంచిల పెద్ద ఫోటో? నాదే గదా, చూపియ్" అని లాక్కున్నాడు. ఆయన దాన్ని దూరంగా పట్టుకుని చూశాడు, దగ్గరగా పట్టుకుని చూశాడు.

"కోటు మంచిగనే కుదిరింది" అన్నాడు. "ఉండనీ బిడ్డా. గప్పుడు మా పోరగాళ్లకు ఉరుకులాడుడు తప్పుతది. తేదీ ఒక్కటి ఏసుకుంటే అయిపాయె."

ఆయన భార్య మాత్రం నా కోసం పెట్టిన చాయ్ నాకివ్వకుండా తనే తాగేసింది.

అలా తిరుగుతూనే సిరిసిల్ల చేరాను. చిన్నమ్మ ఇంట్లో ఫ్రేము కింది మూలన, చెరిగిపోయిన చిన్న కాగితం మీద దుకాణం ఉన్న గల్లీ పేరు చదవగలిగాను. అక్కడ ఫ్రేముల దుకాణం ఇప్పుడు అద్దాలు, అల్యూమినియం కిటికీల దుకాణమైంది. లోపల పాత యజమాని కొడుకు, నా వయసు సాయబు, ఇద్దరు మనుషులు కూర్చునే కుర్చీలో ఒక్కడే నిండుగా కూర్చుని ఉన్నాడు. ఫ్రేము ఫోటో ఫోన్‌లో చూపించగానే ముఖం వెలిగిపోయింది.

"మా అబ్బా చేతి పని! సూడుండ్రి, మూలలు సూడుండ్రి. గిసువంటి ఫ్రేము కరీంనగర్ల కాదు, హైదరాబాద్ల సుత దొరకది. చెదలు పట్టదు, వంగది..."

చాలాసేపు వాళ్ల నాన్న గొప్ప, తన దుకాణం గొప్ప విన్నాను. చివరికి ఆగలేక అడిగేశాను. అన్నా, ఫోటోలు కోసిన తర్వాత ఆ ముక్కలు ఏం చేసేవాళ్లు? పారేసేవాళ్లా, ఎక్కడైనా పెట్టేవాళ్లా?

ఆయన కుర్చీలోంచి సగం లేచాడు. "కోసుడా? తౌబా తౌబా! మా అబ్బా జిందగీల ఫోటోకు కైంచీ పెట్టలేదమ్మా. పక్కకు ఉన్నది జిందా మనిషి. జిందా మనిషిని కైంచీతోని కోస్తరా ఎవలన్న? మడత మలిచి ఎన్కకు వెడుతుండె. మీదికెళ్లి అట్ట ఏస్తే ఎవ్వలికి కనవడది. గందుకే మా ఫ్రేములు జర మందంగ ఉంటయి. మంది కట్టె మంచిదని అనుకుంటుండ్రి, మేము సుత అనుకోనిస్తుంటిమి."

ఆ మాట విన్నాక ఆయన చెప్పిన మిగతాదేదీ నా చెవికెక్కలేదు. కోరుట్ల బస్సులో కూర్చోలేకపోయాను, సీటు ఉన్నా నిలబడే వచ్చాను. నేను ఎక్కడెక్కడో వెతికిన చిన్నమ్మ ఆమె ఇంట్లోనే, ఆమె గోడ మీదే, చిన్నాయన వీపు వెనక ఉంది.

చెప్పగానే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. చిన్నమ్మ గోడ వైపు చూసింది. తర్వాత, "ఫ్రేము విప్పుడు అద్దు" అంది.

"ఎందుకు చిన్నమ్మా?"

"అద్దానికి అంటుకొని ఉంటే? ఆయినది గిదొక్కటే ఉన్నది. గీ మొకం సుత ఊడిపోతే నేనెవల్ని సూడాలె? నేనంటే నాకేంది, అద్దంల రోజు సూసుకుంటనే ఉన్న."

ఆమె అన్నది నిజమే. తిరిగిన ఇళ్లలో చూశాను, పాత ఫ్రేములు విప్పితే ముక్కులు, మీసాలు అద్దానికే ఉండిపోయి కాగితం ఒక్కటే చేతికొచ్చినవి. స్టూడియో తమ్ముణ్ని పిలిపించి చూపించాను. అతను ఫ్రేమును వెలుతురుకు పెట్టి అటూ ఇటూ వంచి, "ఒక మూలకు అంటుకున్నట్టే ఉన్నది మేడం. మొకం కాడ ఎట్లున్నదో తెలుస్తలేదు. నేనైతే గ్యారంటీ ఇయ్య" అని చెప్పి పోయాడు. నాకు వాడి మీద కోపం రాబోయి, వాడు అబద్ధం చెప్పలేదు కదా అని ఆగింది.

ఆ తర్వాత చిన్నమ్మ నాకు రోజూ ఫోన్ చేయడం మొదలుపెట్టింది. విప్పిద్దామే అంటుంది. సరే, రేపు వస్తానంటాను. రేపు శనివారం అద్దు అంటుంది. తర్వాత అమాస. తర్వాత మనుమరాలికి పరీక్షలు. పరీక్షలకూ ఫ్రేముకూ సంబంధమేంది అని నేను అరిస్తే, "నీకు తెల్వది, ఊకో" అని ఫోన్ పెట్టేసేది. భయపడుతోందని నాకు తెలుసు. ఆమెకు ఆశ పెట్టింది నేనే, అది పోతే నిలబడాల్సిందీ నేనే. నాకూ నిద్ర పట్టలేదు.

ఒక పొద్దున ఆమే ఫోన్ చేసి, "ఇయ్యాల రా. మల్ల మనసు మారుతది" అంది. నేను పోయేసరికి ఫ్రేము గోడ మీద నుంచి దింపి, చీర కొంగు కప్పి, ఆటో దగ్గర నిలబడి ఉంది. ఆటోలో దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా పట్టుకుంది. స్పీడ్ బ్రేకర్ వచ్చినప్పుడల్లా డ్రైవర్ను కేకేసింది. "మెల్లగ పో కొడుకా! ఇద్దరం ఉన్నం గీ ఫ్రేముల!"

డ్రైవర్ అద్దంలో నా వైపు చూశాడు. నేను బయటికి చూశాను.

స్టూడియోలో దండ తీసి బల్ల మీద పెట్టారు. తమ్ముడు వెనక మేకులు ఒక్కొక్కటే పీకాడు. అట్ట తీశాడు. అట్ట కింద పాత పేపరు, పేపరు కింద ఫోటో వీపు. వీపు మీద నిజంగానే ఒక మడత. చిన్నమ్మ నా చేయి పట్టుకుంది, గోళ్లు దిగాయి. తమ్ముడు పల్చటి బ్లేడు అద్దానికీ ఫోటోకూ మధ్య పెట్టి, ఊపిరి బిగబట్టి జరుపుతూ పోయాడు. పై మూల దగ్గర చిర్రుమంది.

"అయ్యో! ఏం పోయింది కొడుకా?" చిన్నమ్మ కళ్లు మూసుకుంది.

"ఏం గాలేదమ్మా, తాత మొకం మంచిగున్నది. ఎన్కాల బోర్డు జర అద్దానికి అంటింది."

అంటే ఇన్ని ఊళ్లు తిరిగి నేను వెతికిన టాకీసు పేరులో సగం ఆ అద్దానికి పోయింది. ఆ క్షణంలో నాకది పట్టలేదు. తమ్ముడు మడత విప్పుతున్నాడు.

ఎడమ పక్కన చిన్నాయన, కుడి పక్కన కొత్త చీర కట్టుకుని చిన్నమ్మ. ఆయన పోలీసులా నిటారుగా నిలబడ్డాడు. ఆమెకు ఒక బుగ్గ బూరెలా ఉబ్బి ఉంది. చేతిలో కాగితం పొట్లం.

"పల్లీలు" అంది చిన్నమ్మ. "ఫోటో తీస్తున్నరు, నోట్లయి మింగవే అన్నడు. మింగేలోపు తీసేసిండ్రు. నవ్వొద్దు, నవ్వొద్దు అనుకుంట ఆయినకే నవ్వొచ్చింది."

ఇన్నేళ్లూ మేమంతా చిన్నాయన మూతి అంతే అనుకున్నాం. ఆ మూతి పక్కన ఉన్న బుగ్గను చూసి బిగించినదని ఎవరికీ తెలియలేదు. చిన్నమ్మ ఏడ్చింది. బాగా ఏడ్చి, ముఖం తుడుచుకుని, "మా బావ నన్ను కోయిపియ్యలేదే" అంది. "ఎన్ని తిట్లు తిట్టిన గాయినను! పాపం." తర్వాత ఏదో గుర్తొచ్చి నోటి మీద చేయి వేసుకుంది. "ఓర్ని! ఇన్నేండ్ల సంది నాకు సుత దండ ఏస్తున్ననా నేను? పెత్రమాసకు ఏటేట పెద్దలకని ఫోటో ముంగట పెట్టిన బువ్వ నాకు సుత ముట్టిందన్నట్టేనా? గందుకే గిట్ల లావైన!"

స్టూడియోలో అందరం నవ్వాం. నవ్వుతూనే నేను ఆడవాళ్ల కిటికీ ఎక్కడుందా అని వెతికాను. ఎడమ పక్కన కిటికీ ఉండాల్సిన చోట చిన్నాయన. కుడి పక్కన కిటికీ ఉండాల్సిన చోట చిన్నమ్మ. ఇద్దరూ కలిసి రెండు వైపులా మూసేశారు. ఫోటోలో అడ్డం నిలబడ్డవాళ్ల మీద నాకు కోపం రాకపోవడం అదే మొదటిసారి.

తమ్ముడు అప్పటికే కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. "అమ్మా, ఎన్కాలది తీసేసి నీట్‌గ చేస్త. తాతను ఒక ఫోటో, నిన్ను ఒక ఫోటో, వేరేవేరే తీస్త. బతికున్నోళ్లున్న ఫోటోకు దండ ఏయొద్దు గదా."

"మల్ల కోస్తవా?" చిన్నమ్మ అంతెత్తున లేచింది. బల్ల మీది గంధపు దండ తీసి నా సంచీలో కుక్కింది. "దండే అద్దు. మేమిద్దరం సిన్మాకు పోతున్నం. సిన్మాకు పోయెటోళ్లకు దండ ఎవడేస్తడు?"

"మరి ఎన్కాల టాకీసు, అమ్మా?"

"ఉండనీ కొడుకా. టాకీసు లేకుంటే ఏడికి పోతున్నమో ఎట్ల తెలుస్తది?"